నేను వేయించిన గేటు తాళం

2022. కరోనా ఆంక్షలు పోయి, జనం మళ్ళీ కొండలెక్కడం మొదలుపెట్టిన ఏడాది. ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి నేను రిస్క్ సర్వేయర్‌ని. అంటే పాలసీ రెన్యువల్‌కి ముందు పొలాలకెళ్ళి, ఎక్కడ ఎవరికి దెబ్బ తగలొచ్చో చూసి రాసే మనిషిని. మా ఆయన ఉద్యోగం మెల్‌బోర్న్‌లో, ఇల్లూ అక్కడే, పాయింట్ కుక్‌లో. ఇక్కడ అద్దె యూనిట్‌లో నేనొక్కదాన్నే. అసలే నాకు నోరెక్కువ, వినేవాళ్ళు లేక కారులో జీపీఎస్‌తో పోట్లాడుతూ తిరిగేదాన్ని.

మే నెలలో కెన్ అనే రైతు దగ్గరికి వెళ్ళాను. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. భార్య పోయింది, పిల్లల్లేరు. టౌనుకి గంట దూరంలో పశువుల్ని మేపుకుంటున్నాడు. ఆయన స్థలం మీదుగా కొండ అంచుకి ఒక కాలిబాట ఉంది. రోజూ ఎవరో ఒకరు నడుస్తూ పోతారట. గేటుకి గొలుసే తప్ప తాళం లేదు. పక్కన నీళ్ళ క్యాన్, రెండు ప్లాస్టిక్ కుర్చీలు.

"కుర్చీలెందుకు?" అన్నాను.

"ఒకటి నాకు. ఇంకోటి అలిసిపోయినవాళ్ళకి."

నా కళ్ళు కుర్చీల మీద ఎక్కడున్నాయి? బాట పక్కన మూత పుచ్చిపోయిన పాత బావినీ, కుంగిన చెక్క వంతెననీ ఫొటోలు తీసుకుంటున్నాను. మా భాషలో దీన్ని పబ్లిక్ లయబిలిటీ అంటారు. పరాయివాళ్ళు మన స్థలంలో పడి, కోర్టుకెళితే మన మెడకు చుట్టుకునే బాధ్యత అన్నమాట.

"జనం వస్తారని మీకు తెలుసు. బావి ఉందనీ తెలుసు. రేపు కోర్టు మిమ్మల్నే అడుగుతుంది," అన్నాను.

"ఇన్నేళ్ళలో ఒక్కరూ పడలేదమ్మా."

"ఒక్కరు పడితే చాలు కెన్, పొలం పోవచ్చు."

ఆయన గేటు గొలుసు వైపు చూసి తలూపాడు. పొలం పోతుందంటే ఊళ్ళో మా నాన్నా అలాగే దేనికైనా ఒప్పుకునేవాడు. అది తెలిసే ఆ మాట వాడాను.

నిజానికి రిపోర్టులో రెండు దారులున్నాయి. బావికి గట్టి మూత వేయించి, బాటని పక్కకి మళ్ళించి, ఆ బాటన వచ్చే నడక క్లబ్బు వాళ్ళతో ఒప్పందం రాయించడం ఒకటి. గేటుకి తాళం వేయించడం రెండోది. మొదటిదానికి బోలెడు ఫోన్లు, ఇంకో రెండుసార్లు రావాలి. రెండోదానికి ఒక్క వాక్యం చాలు. ఆ శుక్రవారం నాకు మెల్‌బోర్న్ ఫ్లైటుంది. నెలన్నర తర్వాత మా ఆయన్ని చూడబోతున్నాను. ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకున్నాను.

కెన్ తాళం వేశాడు. పాలసీ రెన్యూ అయింది.

ఆగస్టులో కెన్ పాలసీ చూసే బ్రోకర్ ఫోన్ చేశాడు. పశువుల నీళ్ళ తొట్టి దగ్గర కెన్ జారిపడ్డాడు, తుంటి విరిగింది. సెల్‌ఫోన్ ఇంట్లో ఉండిపోయింది. పొద్దున పడ్డ మనిషిని మర్నాడు మధ్యాహ్నం పశువుల డాక్టరొచ్చి కనిపెట్టాడట. ఇక్కడ ఆగస్టంటే వణికించే చలి. ఆ తొట్టి ఎక్కడుందో నాకు తెలుసు, నా ఫొటోల్లోనే ఉంది. కాలిబాటకి ఇరవై అడుగులు కూడా ఉండదు.

ఆసుపత్రికి పరిగెత్తాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. నాకు! చివరికి "సారీ కెన్" అన్నాను.

"నీ తప్పేముందమ్మా? మొదట్లో గట్టిగా అరిచాను. ఎవరో ఒకరు వస్తారులే అనుకున్నా. కాసేపటికి గుర్తొచ్చింది, గేటుకి తాళం వేసింది నేనే కదా అని. ఇంక అరవడం మానేశాను."

కార్ పార్కులో కూర్చుని భోరున ఏడ్చాను.

ఆ సోమవారమే ఫోన్లు మొదలుపెట్టాను. నడక క్లబ్బుకి సొంత ఇన్సూరెన్స్ ఉంది, అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. బావికి ఇనుప మూత, మళ్ళించిన బాట, హెచ్చరిక బోర్డులు, వచ్చినవాళ్ళు పేరు రాసే పుస్తకం. అన్నీ కుదిరి నవంబరులో తాళం తీశాం. కెన్ మాత్రం మళ్ళీ అక్కడ కూర్చోలేదు. తుంటి సరిగ్గా అతకలేదు, టౌనులో వృద్ధుల హోమ్‌లో చేరాడు. పశువుల్ని పక్క రైతు చూసుకుంటున్నాడు. నేను వీలైనప్పుడల్లా ఆ పుస్తకం పేజీలు ఫొటో తీసుకెళ్ళి పేర్లు చదివి వినిపిస్తాను.

మొదటిసారి అన్నీ విని, "కుర్చీలున్నాయా?" అన్నాడు.

"ఉన్నాయి."

"రెండూ ఉంచు."

అప్పటినుంచి ఏ పొలానికెళ్ళినా, దారి మూయమని రాసేముందు మా ఫారంలో లేని ప్రశ్న ఒకటి అడుగుతున్నాను. "ఈ దారి మూసేశాక మీరు పడితే, చూసేదెవరు?" చాలామంది గేటు వైపు చూస్తూ నిలబడతారు. నేనూ ఫ్లైట్ టైము చూసుకోను.