సిస్టరమ్మ నా చేతిలో పెట్టిన మాత్ర

మా సిస్టరమ్మ పోయిందని సోమవారం పొద్దున ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. వినగానే భయమేసింది. ఇక మా వైపు ఎవరికన్నా నొప్పి లేస్తే ఎవరిని పిలవాలి? ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆమె జిల్లా దవాఖానలో పాలియేటివ్ కేర్ నర్సు. నయంకాని జబ్బుతో మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు బండిలో వచ్చి నొప్పికి మందివ్వడం, పుండ్లు కడగడం ఆమె పని. రామన్నపేట చుట్టుపక్కల మా ఊళ్లలో ఆ బండిని చూస్తే వాకిట్లో ఆడవాళ్లు లోపలికి వెళ్లిపోయేవాళ్లు. అది ఆగిన ఇంట్లో మనిషి దక్కడని పేరు పడింది. మా నాయినకు పేగు క్యాన్సర్ ముదిరాక నేనూ అదే భయంతో, బండిని ఊరి బయటే ఆపమని బతిమాలాను. ఆమె సంచి భుజాన వేసుకుని గొర్ల దొడ్డి పక్కనున్న మా ఇంటి దాకా నడిచి వచ్చింది. మండుటెండలో అట్లా నడిపించినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నాయినకు మార్ఫిన్ మాత్రలిచ్చి, నాలుగు గంటలకొకటి వేయమంది. ఆమె అటు వెళ్లగానే మా మేనత్త నా చెయ్యి పట్టుకుంది.

"గది మత్తుమందు బిడ్డా. ఒక్కటేస్తే ఇగ కండ్లు తెరువడు."

నాయినను నా చేతులతో నేనే చంపుకుంటానేమోనని మాత్రలను వడ్ల గుమ్మిలో దాచేశాను. రెండు రోజులు ఆయన మంచం పట్టె పట్టుకుని, పళ్లు కరుచుకుని మూలిగాడు. నేను పక్కనే కూర్చుని కనపడని దేవుళ్లందరికీ మొక్కాను.

మూడో రోజు సిస్టరమ్మ వచ్చి మాత్రల అట్ట అడిగింది. ఒక్కటీ తగ్గలేదు. తిడుతుందనుకున్నాను. ఆమె ఒక మాత్ర తీసి నా అరచేతిలో పెట్టింది.

"నేనేసి పోతే నీ భయం గట్లనే ఉంటది. నువ్వే ఎయ్యి. నేనీడనే కూసుంట."

"నాయినకేమన్నయితే?"

"జబ్బు ఎన్నడో ఒకనాడు తీస్కపోతది బిడ్డా. గీ మాత్ర తీస్కపోదు. ఉన్నన్ని దినాలు నొప్పి లేకుంట ఉంచుడే మన చేతిల ఉన్నది."

వేశాను. ఊపిరి ఎప్పుడు ఆగిపోతుందోనని ఆయన రొమ్ము వైపే చూస్తూ కూర్చున్నాను. గంట గడిచాక పట్టె వదిలేసి, "గొర్లకు నీళ్లు వెట్టినవా?" అని అడిగాడు. ఆ తర్వాత నెల దాటి బతికాడు. నన్ను రోజూ ఏదో ఒకదానికి కసురుకున్నాడు కూడా.

పోయిన నెల సిస్టరమ్మకే అలాంటి జబ్బని తెలిసి ఆటో మాట్లాడుకుని చూడబోయాను. గడప దగ్గర కాళ్లు ఆగిపోయాయి. లోపలి నుంచి ఆమె చూసింది.

"భయమైతాందా? భయంతోనే రా. ఏం గాదు."

వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. "నీకు భయం లేదా సిస్టరమ్మా?" అన్నాను.

"ఎందుకు లేదు? మస్తుంది. జర కూసో."

ఊరూరా ధైర్యం చెప్పిన ఆ మనిషి నా వేళ్లను చంటిపిల్లలా గుప్పిట్లో బిగించింది. బయట ఆటో అతను హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆమె వదల్లేదు, నేను లేవలేదు.