బరువు తోక మీద

ఒంగోలు నుంచి చెల్లెలింటికి వచ్చి, శామీర్‌పేటలో సికింద్రాబాద్ బస్సెక్కాను. పక్క సీటు అమ్మాయి ‘సె, కండ్, హ్యాండ్’ అని ఒక్క మాటనే విరిచి విరిచి పలుకుతోంది. యాభై దాటాక అక్షరాలు నేర్చుకుంటూ నేనూ అలాగే కూడబలుక్కునేదాన్ని కనుక ఊరుకున్నాను.

ముందు సీటులో చేపలమ్మే ఆమె ఊరుకోలేదు. “ఏంది పిల్లా, మాటను గట్ల కోస్తున్నవ్?”

“కాల్ సెంటర్ ఇంటర్వ్యూ ఉంది పెద్దమ్మా. ఒక్క ముక్కనే ఒత్తి పలకాలె. తప్పితే నౌకరి రాదు.”

“ఏ ముక్క? తలకాయనా, నడుమా, తోకా?”

అమ్మాయి ఆలోచించింది. “గీ మాటకు తోకనే.”

మా వైపైతే ముందు పేరు, ఊరు అడుగుతారు. ఈమె అవేమీ అడగలేదు. అమ్మాయి దిగాక మాత్రం కిటికీలోంచి అరిచింది. “పిల్లా, తోక మరువకు!”

రోడ్డు మీది వాళ్లంతా తిరిగి చూశారు. అమ్మాయి నవ్వలేదు. బుద్ధిగా తలూపింది.