పాఠం మధ్యలో ఆగిన లోకల్

రైల్వే ఇంట్లో పుట్టినవాడు చెయ్యకూడని పని ఒకటుంది. నడుస్తున్న బండిని ఉత్తిపుణ్యానికి ఆపడం. నేను అదే చేశాను, అదీ మా నాన్న గార్డుగా ఉన్న బండిని. ఎలా ఆపానో చెబుతాను, నవ్వుకోండి. ఎలాగూ ఊరంతా నవ్వేసింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. బిలాస్‌పూర్‌లో ప్రాథమిక పాఠశాల టీచర్లు కాబోయేవాళ్ళకి పీటీ క్లాసు ఎలా తీసుకోవాలో నేర్పే ఉద్యోగంలో కొత్తగా చేరాను. మెడలో విజిల్ తియ్యకుండానే భోజనానికి కూర్చునేవాణ్ణి. నాకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదని గట్టి నమ్మకం.

ఆ బ్యాచ్‌లో పైడితల్లి అనే అమ్మాయి ఉండేది. రైల్వే క్వార్టర్స్‌లో మా వెనక లైను వాళ్ళ పిల్ల. కొత్త ఆటలు కనిపెట్టడంలో దిట్ట. గొంతు మాత్రం పక్కవాళ్ళకే వినపడేది కాదు. ముందటేడు ప్రాక్టికల్‌లో పిల్లలకి తన మాట వినపడక తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించేస్తామని ఇంట్లో చెప్పేశారట. ఆ సంగతి చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

విజిల్ ఊదొచ్చు కదా అన్నాను.

"ఊదితే అందరూ నా దిక్కే చూస్తారు సార్. సిగ్గేస్తాది."

మామూలు మాస్టారైతే ఆమెకి గొంతెత్తడం నేర్పేవాడు. నేను మేధావిని కదా! నాన్న పాత జెండాలు రెండూ ఆయనకి చెప్పకుండా పట్టుకొచ్చాను. పచ్చ జెండా లేస్తే పిల్లలు దానివైపు పరుగెత్తాలి, ఎర్ర జెండా లేస్తే ఎక్కడివాళ్ళక్కడ ఆగాలి. నోరు విప్పే పనే లేదు. పరీక్ష జరిగే స్కూల్లోనే, లోపలి ఆవరణలో, వారం రోజులు పిల్లలకి ఇదే నూరిపోశాం.

పరీక్ష రోజున ఆవరణ ఇరుకుగా కనిపించింది. కాస్త దర్జాగా ఉంటుందని నేనే అందరినీ వెనక మైదానంలోకి తోలుకెళ్ళాను. ఆ మైదానానికీ రైలు పట్టాలకీ మధ్య మోకాలెత్తు గోడ ఒక్కటే అడ్డం. బిల్హా వైపు లోకల్ ఆ వేళకే వెళ్తుందని నాకు తెలియదా? మా అమ్మ ఆ బండి కూత వినే పొయ్యి మీద ఎసరు పెట్టేది. అయినా మరిచిపోయాను.

పరీక్ష పెట్టడానికి వచ్చిన పెద్దావిడ కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని కుర్చీలో కూర్చుంది. పైడితల్లి పచ్చ జెండా ఎత్తింది. నలభై మంది పిల్లలు పరుగెత్తారు. ఎర్ర జెండా ఎత్తింది. ఆగారు. నేను ఛాతీ విరుచుకుని పెద్దావిడ వైపు చూశాను. ఆవిడ మాత్రం నా వెనక్కి చూస్తోంది. స్టేషను వదిలి నెమ్మదిగా వస్తున్న లోకల్ కీచుమంటూ వచ్చి ఆగిపోయింది.

చివరి పెట్టె సరిగ్గా మా గోడకి ఎదురుగా నిలబడింది. తలుపు దగ్గర మా నాన్న. పైడితల్లిని చూశాడు. ఆమె చేతిలో, అమ్మ పసుపు దారంతో అంచు కుట్టిన తన జెండాని చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు.

"ఏటిరా ఇది?"

"పీటీ క్లాసు నాన్నా" అన్నాను. అంతకన్నా తెలివైన జవాబు నాకు ఈరోజుకీ తట్టలేదు.

నాన్న తల కొట్టుకున్నాడు. ప్రమాదమేమీ లేదని డ్రైవరుకి వాకీటాకీలో చెప్పి, బండి కదలడానికి తన పచ్చ జెండా ఎత్తాడు.

మీరు గ్రహించే ఉంటారు. నేను గ్రహించేలోపే నలభై మందీ పరుగందుకున్నారు. గోడవైపు, బండివైపు. విజిల్ నోట్లో పెట్టుకున్నాను గానీ ఊపిరి రాలేదు.

"రుకో!"

హిందీలో ఆగమని అరిచిన ఆ కేక ఎవరిదో ముందు నాకు అర్థం కాలేదు. చూస్తే, జెండాలు కింద పడేసి పిడికిళ్ళు బిగించి నిలబడ్డ పైడితల్లిది. పిల్లలు గోడకి బారెడు దూరంలో బిగుసుకుపోయారు. నాన్న చెయ్యి గాల్లో ఆగింది. పెద్దావిడ పెన్ను ఆగింది. పైడితల్లి అదే గొంతుతో పిల్లల్ని వెనక్కి రప్పించి వరుసగా కూర్చోబెట్టింది. బండిలో వేడుక చూడ్డానికి లేచినవాళ్ళు కూడా కూర్చున్నారని నాన్న ఇప్పటికీ చెబుతాడు.

ఆ పిల్లల్ని అటు పరుగెత్తించింది నా తెలివే అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పైడితల్లి పాసైంది. తప్పు నాదేనని రాసిచ్చి నేను చీవాట్లు తిన్నాను. నాన్న ఇంటికొచ్చి ముందు తన జెండాలు లాక్కుని బీరువాలో పెట్టాడు. ఆ తర్వాత అన్న మొదటి మాట ఇది:

"ఆ గుంటకి గొంతు లేదని నీకెవులు చెప్పారురా?"

ఆమే అలా అనుకుంది, నేనూ సరే అనేశాను.

తర్వాత ఆమెకి మోప్కా స్కూల్లో ఉద్యోగం వచ్చింది. మిఠాయి పట్టుకుని మా ఇంటికొచ్చింది. అప్పటికి రిటైరైన నాన్న బీరువా తీసి, ఆ రెండు జెండాలూ మడతపెట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"వద్దు బాబాయ్, నాకివి అక్కర్లేదు" అంది.

"అందుకే ఇస్తన్నానమ్మా" అన్నాడు.

ఆ మిఠాయి మింగి, అందరి ముందూ లేచి నిలబడి ఒట్టేశాను. ఈ జన్మలో ఏ ట్రైనీ చేతికీ జెండా ఇవ్వను, ఏ బండినీ ఆపను. నాన్న శ్రద్ధగా విన్నాడు. విని, బీరువాకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అందులో ఎరుపూ పచ్చా వెలుగులిచ్చే ఆయన గార్డు లాంతరు ఇంకా ఉంది మరి.