పందొమ్మిది ఇళ్ల అజీర్తి

పొద్దున్నే ఎవరి గడప తొక్కినా పాపమ్మ మొదటి మాట ఒకటే: "ఎన్నిసార్లు పోయినవ్?"

"బాగున్నావా అని లేదు, తిన్నావా అని లేదు. ఇదేం పలకరింపు వదినా!" అని ఎదురింటి సుబ్బులు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

పాపమ్మ నాచారంలో ఆశా కార్యకర్త. ఆ వానాకాలం వాళ్ల వీధి మోకాలిలోతున మునిగింది. వరద తీశాక నల్లాలో మురుగు వచ్చింది, తోకపురుగులతో సహా. జనం దాన్నే గుడ్డతో వడగట్టుకుని తాగారు. వారం తిరక్కుండా పందొమ్మిది ఇళ్లలో నీళ్ల విరేచనాలు. పాపమ్మ ఇంటింటికీ తిరిగి ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచి, అందరి పేర్లూ రిజిస్టర్లో రాసింది. ఆ లెక్క పైకి వెళ్తేనే పైపు మూస్తారు, మంచినీళ్ల ట్యాంకరు వస్తుంది.

సూపర్‌వైజర్ జనార్ధనరావు సమోసా తింటూ ఆ పేజీ చూశాడు. నూనె వేళ్లతోనే చింపేశాడు.

"విరేచనాలని రాస్తే పైనుంచి టీం దిగుతుందమ్మా. మన ఏరియాలో ఒక్క కేసూ లేదని నిన్ననే చెప్పాను. అజీర్తి అని రాయి."

"గిన్ని ఇండ్లల్ల ఒక్కపారే అజీర్తా సార్? అందరు కల్సి ఏ పెండ్లిల తిన్నరు?"

"వెటకారం తర్వాత. ఉద్యోగం కావాలా, వద్దా?"

రాసింది. సంతకమూ పెట్టింది. బయటికి వచ్చి మోరీలో ఉమ్మేసింది. అది ఆయన మీదో, తన మీదో ఆమెకే తెలియలేదు.

మూడోనాడు సుబ్బులు బాత్రూం గుమ్మంలో పడిపోయింది. కళ్లు గుంటలు పడ్డాయి, చీరంతా పాడైంది. పాపమ్మ ఆమెను ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. సెలైన్ ఎక్కిస్తూ డాక్టరమ్మ అడిగింది: "మీ వీధిలో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"పందొమ్మిది ఇండ్లల్ల ఉన్నది మేడం," అంది పాపమ్మ. "రిజిస్టర్ల మాత్రం అజీర్తి అని ఉన్నది. నేనే రాసిన."

డాక్టరమ్మ అక్కడికక్కడే ఫోన్ చేసింది. సాయంత్రానికి పైపు మూశారు, ట్యాంకరు వచ్చింది. సుబ్బులు బతికింది.

మర్నాడు జనార్ధనరావు రిజిస్టరు పాపమ్మ ముందు పడేశాడు. "ఇక్కడ నీ సంతకంతో అజీర్తి అని ఉంది. అక్కడికెళ్లి విరేచనాలన్నావు. ఏది అబద్ధం?"

"సంతకమే సార్."

తప్పుడు రిపోర్టు ఇచ్చిందని ఆమెను తీసేశారు. జనవరి ఇరవై ఆరున, వరదల్లో చేసిన సేవకు జనార్ధనరావుకు శాలువా కప్పి ప్రశంసాపత్రం ఇచ్చారు.

పాపమ్మ ఇప్పుడు మల్లాపూర్‌లో అట్టపెట్టెలు చేసే షెడ్డులో పనిచేస్తోంది, వారానికి ఆరు రోజులు.