“మెషీన్ పనిచేస్తలేదు”

నా ఉద్యోగ విరమణ సభలో నాతో పనిచేసిన రమేశ్ మైకు పట్టుకొని చెప్పిన కథ మీ చెవిన పడి ఉంటే దయచేసి దాన్ని మరిచిపోండి. డ్యూటీలో ఉంటే మేడమ్‌కు ఇరుగూ లేదు పొరుగూ లేదు, సొంత గల్లీ వాళ్ళు వచ్చినా రూలు ప్రకారం బయటే ఆపింది అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ శాలువా కప్పించుకున్నాను. పురానాపూల్ దగ్గర మా గల్లీలో కూడా ఈ కథ ఉంది. అక్కడ రూలు బదులు ఖరాబైన మెషీన్ ఉంటుంది. రెండూ అబద్ధాలే. రూలు ఆ రోజు వాళ్ళ వైపే ఉంది. మెషీన్ భేషుగ్గా పనిచేస్తోంది.

కొవిడ్ ఆంక్షలన్నీ ఎత్తేసిన మరుసటి ఏడు, వేసవికి ముందు, మా ఊరి విమానాశ్రయంలో అంతర్జాతీయ ప్రయాణికుల లాంజ్‌కు నన్ను డ్యూటీ మేనేజర్‌గా వేశారు. అంతకు ముందు పదేళ్ళు దేశీయ లాంజ్‌లో ముందు బల్ల దగ్గర సూపర్‌వైజర్‌ని. డ్యూటీ మేనేజర్ అంటే ఒక షిఫ్టుకు ఆ గది మొత్తానికీ జవాబుదారు. వంటకాలు చల్లబడ్డా, స్నానాల గదిలో నీళ్ళు రాకపోయినా, ఎవరైనా సోఫా మీద బూట్లు పెట్టుకొని పడుకున్నా చీవాట్లు మనకే. కోటు జేబు మీద పేరు, మెడలో పాసు, చేతిలో వాకీటాకీ. జీతం మాత్రం కోటుకు తగ్గట్టు ఉండదు.

లాంజ్‌లోకి వెళ్ళడం ఎట్లా అని నన్ను అడగని చుట్టం లేడు కాబట్టి అది కూడా చెప్పేస్తాను. బిజినెస్ తరగతి టికెట్ ఉంటే విమాన సంస్థే ఆహ్వానపత్రం ఇస్తుంది. అదే సంస్థలో తరచూ తిరిగేవాళ్ళకు వెండి, బంగారు హోదా కార్డులుంటాయి. ఏడాది చందా కట్టే సభ్యత్వాలున్నాయి. తలుపు దగ్గరే డబ్బు కట్టి పోవచ్చు. వీటన్నిటికంటే ఇప్పుడు ఎక్కువ నడిచేది బ్యాంకు కార్డు. క్రెడిట్ కార్డులే అనుకుంటారు చాలామంది. మామూలు పొదుపు ఖాతాకు ఇచ్చే డెబిట్ కార్డుల్లో కూడా కొన్నిటికి మూడు నెలలకొకసారి ఉచిత ప్రవేశం ఉంటుంది. బోర్డింగ్ పాసు మీద పేరు, కార్డు మీద పేరు సరిచూసి, కార్డును మెషీన్‌లో పెట్టి నామమాత్రంగా రెండు రూపాయలు గీస్తాం. మెషీన్ ఒప్పుకుంటే మనిషి లోపలికి. ఒక కార్డుకు ఒక మనిషి. ఇది రాసి ఉన్న పద్ధతి.

రాసి లేని పద్ధతి ఇంకొకటి ఉంది. విమాన సంస్థ పంపిన మనిషికి మాకు వచ్చేది ఎక్కువ, కార్డు మీద వచ్చిన మనిషికి వచ్చేది తక్కువ. అందుకని గది నిండుతుందనిపిస్తే బల్ల కింద ఉన్న చిన్న బోర్డు తీసి పైన పెడతాం: సాంకేతిక కారణాల వల్ల కార్డు సేవలు తాత్కాలికంగా లేవు. నోటితో అయితే మెషీన్ పనిచేయడం లేదంటాం. జాగా లేదంటే జనం తలుపు సందులోంచి ఖాళీ కుర్చీలు లెక్కపెట్టి వాదిస్తారు. మెషీన్‌తో ఎవరూ వాదించరు. ఈ కిటుకు నాకు ఎవరో నేర్పారు, నేను రమేశ్‌కు నేర్పాను. అతను నాకంటే రెండేళ్ళు చిన్న, బల్ల దగ్గర నాకంటే నేర్పరి.

ఆ రోజు గది నిండలేదు. అది ముందే చెప్పాలి, ఎందుకంటే రమేశ్ కథలో గది కిక్కిరిసి ఉంటుంది. మధ్యాహ్నం మూడు కావస్తోంది, సగం సోఫాలు ఖాళీ. నాకున్న గుబులు వేరే. మా లాంజ్ వాడుకునే ఒక విదేశీ విమాన సంస్థ తరఫున ఇద్దరు తనిఖీకి వచ్చి కిటికీ పక్కన కూర్చున్నారు. మా దగ్గరికి వచ్చే అతిథులు ఎలాంటివాళ్ళో కూడా చూస్తారని పైవాళ్ళు ముందే హెచ్చరించారు.

అప్పుడు వచ్చారు ముంతాజ్ ఖాలా, కరీం ఖాలూ. ఖాలా అంటే పిన్ని, ఖాలూ అంటే ఆమె భర్త. మాకు వాళ్ళతో చుట్టరికం లేదు, గోడ ఉంది. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఖాలూ పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో నలభై ఏళ్ళు మీటరు కర్ర పట్టుకొని నిలబడ్డ మనిషి. నా మొదటి ఉద్యోగం కోటుకు గుడ్డ ఆయనే ఏరి కోసిచ్చాడు. ఇద్దరూ ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు, బయలుదేరారు. జెద్దా విమానం నాలుగు గంటలు ఆలస్యమని అప్పటికే తెర మీద పడింది. ఖాలా మెడలో గల్లీ వాళ్ళు వేసిన గులాబీల దండ సగం రాలిపోయి ఉంది. ఇద్దరి కుడి జబ్బలకూ జరీ గుడ్డలో నాణెం పెట్టి కట్టిన ఇమామ్ జామిన్, ప్రయాణం సుఖంగా సాగాలని కట్టేది. చేతిలో తాడుతో బిగించిన సంచి. ఖాలూ ఎండాకాలపు ముంగిట్లో నడుముకు శాలువా చుట్టుకొని ఉన్నాడు. ఈ అవతారమేంటని మనసులో విసుక్కున్నాను.

నన్ను చూడగానే ఖాలా ముఖం విప్పారింది. “విజ్జీ! నువ్వు గీడనే కూసుంటవా బిడ్డా? నాకు తెల్వకపాయె. దేఖో జీ, అప్నీ విజ్జీ హై.” మన విజ్జీయే చూడమని ఖాలూకు చూపించింది.

గొంతు పెద్దది ఆమెది. పెద్దగా మాట్లాడేవాళ్ళలో నేనూ ఒకదాన్నే, మా గల్లీలో మెల్లగా మాట్లాడితే జ్వరమొచ్చిందా అని అడుగుతారు. కానీ ఆ కోటు వేసుకున్నాక నేను విజయ మేడమ్‌ని. కిటికీ పక్కన ఉన్న ఇద్దరిలో ఒకరు తల తిప్పి చూశారు.

ఖాలూ కార్డు, బోర్డింగ్ పాసు తీసి రమేశ్ ముందు వినయంగా పెట్టాడు. అల్లుడు బ్యాంకు వాళ్ళను అడిగి కనుక్కొని చెప్పాడట, ఈ కార్డు మీద లోపల స్నానాల గది ఉంటుందని. రమేశ్ చూశాడు, పేర్లు సరిపోయాయి, కార్డు అర్హత ఉన్న రకమే. మెషీన్ వైపు చెయ్యి చాపాడు.

ఖాలా బల్ల మీదికి వంగి గొంతు తగ్గించింది. “నాకేం వద్దు బిడ్డా, నేను బయటనే కూసుంట. ఈయన్ని ఒక్కన్ని పంపు. జర తానం చేసి ఎహ్రాం కట్టుకుంటడు.”

ఎహ్రాం అంటే యాత్రకు మగవాళ్ళు కట్టుకునే రెండు కుట్టు లేని తెల్ల బట్టలు. ఇక్కడే నా తెలివి నన్ను ముంచింది. ఇంకో ఊరి మేనేజర్ అయితే పాపం స్నానం కావాలట అనుకునేది. నేను పుట్టి పెరిగింది ఆ గల్లీలో. ఉమ్రాకు పోయేవాళ్ళు ఇంట్లో తలస్నానం చేసి, నమాజు చేసి, అందరి చేతా దువా, అంటే ప్రార్థన, చేయించుకొని గడప దాటుతారని నాకు తెలుసు. ఆ పొద్దున ఖాలా ఇంట్లో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు గోడ ఇవతల నుంచి నేనే విన్నాను. మళ్ళీ స్నానమేమిటి? సోఫా చూడాలని, బిర్యానీ తినాలని సాకు. పైగా ఒక్కడు లోపలికి పోతే ఇంకొకరు తలుపు దగ్గర నిలబడి నన్ను విజ్జీ విజ్జీ అని పిలుస్తూనే ఉంటారు.

“మెషీన్ పనిచేస్తలేదు ఖాలా,” అన్నాను.

రమేశ్ చెయ్యి గాలిలో ఆగింది. మెషీన్ మీద పచ్చ దీపం వెలుగుతోంది. అతను దాన్ని ఒక చూపు చూసి, నన్ను ఒక చూపు చూసి, బల్ల కింది నుంచి బోర్డు తీసి పైన పెట్టాడు.

“ఎప్పుడైతది మంచిగ?” అని అడిగింది ఖాలా.

తెలియదన్నాను. గింత పెద్ద ఏర్‌పోర్టు కట్టిన్రు, ఒక మిషీన్ బాగు చేసెటోడు లేడా అని ఆమె సణిగింది. ఖాలూ కార్డు రెండు చేతులతో వెనక్కి తీసుకున్నాడు. “పోనియ్యి. మిషీన్ గదా, దానికి బుద్ధి పుడితే నడుస్తది. మా దుకాన్ల గూడ గట్లనే సతాయిస్తది,” అని నవ్వాడు. కింద మామూలు స్నానాల గది ఏమైనా ఉందా అని అడిగాడు. మరుగుదొడ్లున్నాయి, చక్రాల కుర్చీ వాళ్ళ గది పెద్దగా ఉంటుంది, అక్కడ చేతులూ కాళ్ళూ కడుక్కోవచ్చు అని చెప్పాను. దారి కూడా చూపించాను, వేలితో.

వాళ్ళు వెంటనే పోలేదు. ఎదురుగా ఉన్న ఇనుప కుర్చీల్లో ఖాలా కూర్చుంది. ఖాలూ కూర్చోలేదు, గోడకు ఆనుకొని మా బల్ల వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. పది నిమిషాలు కూడా కాలేదు, నల్ల సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి వచ్చి, బోర్డు చదవకుండానే కార్డు చాపాడు. నేను తల ఊపాను. రమేశ్ బోర్డును పక్కకు జరిపి మెషీన్‌లో కార్డు పెట్టాడు. కీచుమంటూ రసీదు వచ్చింది. పెద్దమనిషి లోపలికి పోయాడు. నేను తల ఎత్తలేదు. ఎత్తినప్పుడు ఎదుటి కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

అరగంట తర్వాత గేటు దగ్గర ఒక ప్రయాణికుడి ఫిర్యాదు ఉందంటే కిందికి దిగాను. మరుగుదొడ్ల వరుసలో చక్రాల కుర్చీ గది తలుపుకు వీపు ఆనించి ముంతాజ్ ఖాలా నిలబడి ఉంది. ఒక భుజం మీద తెల్ల బట్టలు, ఒక చేతిలో ఖాళీ నీళ్ళ సీసా. గడియ సరిగా పడటం లేదేమో. చక్రాల కుర్చీలో ఒక ముసలామెను తోసుకొచ్చిన ఆవిడతో, జర ఆగమ్మా, మా ఆయన నీళ్ళు పోసుకుంటున్నడు అని బతిమాలుతోంది. పక్కనే పారిశుధ్య పని చేసే ఆమె ఎక్కడి నుంచో మగ్గు తెచ్చి ఇస్తోంది. ఆమెకు ఇచ్చే జీతం నా జీతంలో మూడోవంతు ఉండదు, ఆమెకు తట్టింది అది.

స్నానాల గది తాళంచెవి నా కోటు జేబులో ఉంది. పైన ఆ గది ఖాళీగా ఉంది. రెండు నిమిషాల నడక. మెషీన్ బాగైంది రా ఖాలా అంటే సరిపోయేది, ఇంకో అబద్ధంతో మొదటిది దిద్దుకునేదాన్ని. అది కూడా చేతకాలేదు. ఆమె చూడకముందే వెనక్కి తిరిగి, చుట్టూ తిరిగి ఇంకో మెట్ల మీదుగా గేటుకు వెళ్ళాను. షిఫ్టు దిగేటప్పుడు స్నానాల గది రిజిస్టరులో ఆ మధ్యాహ్నం వాడినవాళ్ళు ఎవరూ లేరని రాసి సంతకం పెట్టింది నేనే. తనిఖీ నివేదికలో మా అతిథుల గురించి ఒక్క ముక్క లేదు. చెంచాల మీద నీటి మరకలున్నాయని మాత్రం రాశారు.

రెండు వారాలకు వాళ్ళు తిరిగొచ్చారు. ఖాలా మక్కా నుంచి తెచ్చిన జమ్‌జమ్ నీళ్ళు, ఖర్జూరాలు పట్టుకొని మా ఇంటికి వచ్చింది. మా అమ్మ, మా వదిన, పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు అక్కడే ఉన్నారు. ప్రయాణం సంగతులన్నీ చెప్పి, మగవాళ్ళు లేరని చూసుకొని, నా వైపు తిరిగి చెప్పింది.

“ఆ దినం నీకు అసల్ సంగతి చెప్పకపోతిని విజ్జీ. ఆపరేషన్ అయ్యి నెల గూడ కాలే ఈయనకు. ఆరాంఘర్ కాడ జామ్‌ల ఇరుక్కున్నం, కారుల ఆపుకోలేకపోయిండు. మీదికెళ్ళి శాలువ చుట్టిన. గీ బట్టలతోని అల్లా ఇంటికి ఎట్ల పోవాలె అని చిన్నపోరని లెక్క ఏడ్సిండు. నీ పక్కన గా మొగాయన ఉండె, ఆయన ముంగట ఎట్ల చెప్పాలె?” తర్వాత మా అమ్మతో అంది, “గా మిషీన్ ఖరాబైంది గని, లేకుంటే మన విజ్జి లోపలికి తోల్కపోతుండె.”

అమ్మ అవును మరి అంది. ఖాలా గిన్నెలో నీళ్ళు పోసి నా చేతికిచ్చింది. నేను తాగాను. కూరగాయల బండివాడి దగ్గర అర్ధరూపాయి కోసం అరగంట వాదించే నోరు నాది. ఆ నోట్లోంచి ఒక్క మాట రాలేదు. గల్లీలో ఇప్పుడున్న కథ ఆ రోజు పుట్టింది, నా ఎదుటే, నా మౌనంతోనే. రమేశ్ కథకు నా శాలువా సాక్ష్యం.

ఆ తర్వాత మారిపోయానని, ఆ బోర్డు విసిరేశానని రాస్తే మీకు బాగుంటుంది. విసిరేయలేదు. ఉద్యోగం వదిలేలోపు ఇంకా చాలాసార్లు పెట్టాను, గది నిజంగా నిండినప్పుడు. నిండనప్పుడు పెట్టడం మాత్రం మానేశాను. స్నానం అడిగిన వాళ్ళను ఎందుకని అడగకుండా తాళంచెవి ఇచ్చాను. ఇది ప్రాయశ్చిత్తం కాదు, మొదటి నుంచీ చెయ్యాల్సిన పని.

ఈ ఉదంతం నేర్పింది చిన్న విషయమే. తలుపు దగ్గర నిలబడ్డ ఉద్యోగికి ఎదుటివాళ్ళ గురించి తెలియకపోతే అడుగుతుంది. తెలుసు అనుకున్నప్పుడు అడగదు. నాకు వాళ్ళు గోడ ఇవతల నుంచి తెలుసు, అందుకే అడగలేదు. రూలు వాళ్ళను ఆపలేదు, జనం ఆపలేదు. వాళ్ళ పక్కన నన్ను ఎవరైనా చూస్తారని నాకున్న సిగ్గు ఆపింది.

ఇప్పటికీ గల్లీలో ఎదురైతే ఖాలూ ముందుగా పలకరిస్తాడు. పింఛను వచ్చిందా, మోకాళ్ళు ఎట్లున్నాయి అని అడుగుతాడు. నేను ఒకటి అడగాలని ఏళ్ళుగా నోటిదాకా తెచ్చుకొని మింగేస్తున్నాను. ఆ రోజు ఆయన కూర్చోలేక గోడకు ఆనుకొని మా బల్ల వైపే చూస్తూ నిలబడ్డాడు కదా, సూటు పెద్దమనిషి కార్డు గీసినప్పుడు రసీదు కీచుమన్న చప్పుడు ఆయన విన్నాడా? విని ఉంటే, ఆ సంగతి ఖాలాకు ఎందుకు చెప్పలేదు?