రామయ్యలందరినీ ఒక్కణ్ణి చేసిన కంప్యూటర్

ఆ రోజుల్లో కంప్యూటర్ నేర్చుకున్నవాణ్ణి ఊళ్లో ఎవరైనా దూరం నుంచే గుర్తుపట్టేవారు. వాడు చొక్కా టక్ చేసుకుని తిరిగేవాడు. నేనైతే నిద్రపోయేటప్పుడు తప్ప ఎప్పుడూ టక్‌లోనే ఉండేవాణ్ణి. ఖమ్మంలో పీజీడీసీఏ అనే కంప్యూటర్ కోర్సు పూర్తి చేసి, సంచిలో సర్టిఫికెట్, బుర్రలో ఒక త్రికోణం బొమ్మ పెట్టుకుని జూలూరుపాడులో బస్సు దిగాను. ఆ త్రికోణం గురించి ముందే చెప్పాలి, నా కొంప ముంచింది అదే కాబట్టి. వ్యాపార సంస్థల్లో కంప్యూటర్ సమాచార వ్యవస్థలు నాలుగు రకాలని మా సార్ బోర్డు మీద గీసి చూపించారు. అట్టడుగున రోజువారీ పనులు రాసుకునే వ్యవస్థ. దాని మీద, ఆ రాసినవన్నీ కలిపి మేనేజరుకు రిపోర్టు ఇచ్చేది. ఇంకా పైన, ఏ పని ముందు చేస్తే మేలో సలహా చెప్పేది. శిఖరం మీద, యజమాని కుర్చీలో కూర్చుని ఒక్క చూపుతో సంస్థ మొత్తాన్నీ చూసుకునేది. (పరీక్షలో నాలుగు అంతస్తులకూ నాలుగు రంగులు వేశాను. మార్కులు బాగానే వచ్చాయి. మార్కులంత మోసం లోకంలో మరొకటి లేదని అప్పటికింకా తెలియదు.)

నాకు దొరికిన వ్యాపార సంస్థ ఒక మోటర్ల వైండింగ్ దుకాణం. కాలిపోయిన బావి మోటర్లకు కొత్త రాగి తీగ చుట్టి ఇచ్చే పని. యజమానిని అందరూ ఉస్తాద్ అనేవారు. హైదరాబాదులో ఉండే ఆయన అల్లుడు పాత కంప్యూటర్ ఒకటి లారీలో పంపించాడు. అది వచ్చిన రోజు నుంచి బల్ల మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటే, దాన్ని లేపడానికి ఉస్తాద్ నన్ను పెట్టుకున్నాడు. ఆ ఆదివారం మా నాన్న చర్చిలో లేచి నిలబడి, "మా పిల్లగాడు కంపెనీలకు సిస్టమ్స్ పెడుతుండు, దేవునికి స్తోత్రం" అని సాక్ష్యం చెప్పాడు. సంఘమంతా ఆమెన్ అంది. అంతమంది ఆమెన్ అన్న ఉద్యోగాన్ని పోగొట్టుకుంటే మళ్లీ ఆ గుమ్మం ఎలా తొక్కాలి? అందుకే మొదటి రోజు నుంచీ భయంభయంగా, అంటే చాలా గొప్పగా, పని మొదలుపెట్టాను.

ఉస్తాద్‌కి త్రికోణం గీసి చూపించాను. పైన ఉండేది మీరే అన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నేను గంత పైకెక్కి కూసుంటే కింద దుకాణం ఎవరు చూస్తరు బేటా?" అన్నాడు. అందుకే కదా నేనున్నది అన్నాను. అప్పటికి ఆ దుకాణంలో ఉన్న సమాచార వ్యవస్థ ఏమిటంటే, పాత గుడ్డ పీలికలు. మోటరు తెచ్చినవాళ్లు తమ ఇంటి చీర అంచో, లుంగీ ముక్కో, తువ్వాలు కొంగో చింపి దానికి కట్టి వెళ్లేవారు. తిరిగొచ్చినప్పుడు తమ ఇంటి గుడ్డ ఎక్కడుందో చూసుకుని ఆ మోటరును ఎత్తుకుపోయేవారు. వరసగా పెట్టిన మోటర్ల మీద ఆ రంగురంగుల పీలికలు చూసి నాకు సిగ్గేసింది. చదువుకున్నవాడు పనిచేసే చోటేనా ఇది అనిపించింది. అన్నీ ఊడదీసి, ఏది ఎవరిదో ఉస్తాద్‌ని అడిగి, రైతు పేరు ప్రింటు తీసిన తెల్లకాగితాలు అంటించాను. పీలికలేమో చేతుల గ్రీజు తుడుచుకోవడానికి బాగా పనికొచ్చాయి.

ఇక్కడ మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. భద్రాచలం నీడలో బతికేవాళ్లం కదా, మా చుట్టుపక్కల ఊళ్లలో ఏ గుమ్మం ముందు నిలబడి "రామయ్యా" అని పిలిచినా ఎవరో ఒకరు పలుకుతారు. నేనేమో దుకాణం పాత బాకీల పుస్తకం చూసి రైతుల పేర్లు ఎక్కిస్తూ, ఈ రామయ్య అనే పేరు మళ్లీ మళ్లీ వస్తుంటే, పాత లెక్కలు రాసినవాడు మతిమరుపు మనిషి అనుకున్నాను. ఒకే మనిషిని పదేపదే రాశాడని జాలిపడి, రామయ్యలందరినీ కలిపి ఒక్క రామయ్యను చేశాను. ఊరి పేరుకు గడి పెట్టాలన్న ఆలోచనే రాలేదు. (త్రికోణంలో ఊరు లేదు మరి.) ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

నా నాలుగు అంతస్తులూ వెంటనే పనిలోకి దిగాయి. కింద అంతస్తు రామయ్య, రామయ్య అని రాసుకుంది. రెండోది, ఈ నెలలో దుకాణానికొచ్చిన మోటర్లలో సగం రామయ్య అనే ఒక్క మనిషివే అని రిపోర్టు ఇచ్చింది. మూడోది, ఇంత పెద్ద ఖాతాదారుడి పని అన్నిటికన్నా ముందు చేయమని సలహా చెప్పింది. శిఖరం మీద ఉస్తాద్ కోసం పెట్టిన తెరలో రామయ్య పేరు పెద్ద అక్షరాలతో మెరిసింది. ఉస్తాద్ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "ఒక్క మనిషి గిన్ని మోటర్లు కాలబెట్టిండా?" అన్నాడు చివరికి. "గట్లయితే మోటరు కాదు, ఆ మనిషినే బాగుచేయాలె." నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

మరుసటి రోజు మీసాల రామయ్య వచ్చాడు. (మీసాల అన్నది ఉస్తాద్ పెట్టుకున్న గుర్తు, నా కంప్యూటర్‌కి మీసాలతో పనిలేదు.) తెరమీద 'రామయ్య, మోటరు సిద్ధం' అని ఉంది. ఇచ్చేశాను. ఆయన మోటరు చుట్టూ ఒకసారి తిరిగి, "మా ఇంటిదాని చీర పీలిక కట్టిన సారూ, ఏది?" అని అడిగాడు. "ఇప్పుడు పీలికలు లేవు పెద్దయ్యా, సిస్టం ఉంది" అన్నాను. ఆ మాట అన్నందుకు నాలో నేనే ఎంత మురిసిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో తల వంగిపోతుంది.

ఆ సాయంత్రం బక్క రామయ్య వచ్చాడు. పంచె మోకాళ్ల పైకి కట్టుకుని, అడవి ఊరి నుంచి నడిచి వచ్చాడు. మిర్చి తోట పూత మీద ఉందని, రెండు తడులు తప్పాయని, ఈ పూట మోటరు బావిలో దింపకపోతే పూతంతా రాలిపోతుందని చెప్పాడు. నేను తెర చూశాను. 'రామయ్య, మోటరు ఇచ్చేశాం.'

"నీ మోటరు పొద్దుగాలనే తీస్కపోయినవ్ కదా పెద్దయ్యా" అన్నాను.

"నేనా?"

"అవ్. సిస్టంల ఉంది."

ఆయన తలపాగా తీసి, మెట్టు మీద కూర్చుని ఆలోచించాడు. కంప్యూటర్ వైపు చూశాడు, నా టక్ వైపు చూశాడు. "తీస్కపోయిన్నేమో సారూ," అన్నాడు మెల్లగా. "మరి బావి కాడ లేదే."

ఆయన నన్ను నిలదీసినా బాగుండేది, తిట్టినా బాగుండేది. తన మీద తానే అనుమానపడ్డాడు, నా తెల్లకాగితాల్ని నమ్మి. మోటర్ల వరస దగ్గరికి పరిగెత్తాను. రామయ్య, రామయ్య, రామయ్య అని అన్నిటి మీదా నేను అంటించిన కాగితాలే. కాలిన తీగతో ఒక మూల అలాగే పడి ఉన్నది మీసాల రామయ్య మోటరు అని నా వెనకే వచ్చిన ఉస్తాద్ గుర్తుపట్టాడు. బక్క రామయ్యది మీసాల రామయ్య ఎత్తుకుపోయాడన్నమాట.

ఉస్తాద్ చేతిలోని తీగ కింద పెట్టాడు. స్కూటర్ తీశాడు, వెనక నేనెక్కాను. మీసాల రామయ్య చేను చేరేసరికి మోటరు ఆయన బావిలో దిగి, నీళ్లు కాలువ నిండా పోతున్నాయి. సంగతి చెబితే ఆయన మీసం దువ్వుకుని, "నేనూ అనుకున్న ఉస్తాద్, మా మోటరు ఏనాడు గింత మంచిగ నడవలే అని," అన్నాడు. "కానీ ఇప్పుడు తీయమంటే ఎట్ల? నా పత్తి ఎండుతుంది. నాది చుట్టి తెండ్రి, ఇది తీస్కపోండ్రి." ఆయన మాటా అబద్ధం కాదు. తిరుగుదారిలో స్కూటర్ మీద ఏడ్చాను. గాలికి కళ్లు మండాయని ఉస్తాద్ అనుకోవాలని నా ఆశ.

దుకాణానికి రాగానే ఉస్తాద్ పానా తీసుకుని ఇంట్లోకి పోయాడు. తన ఇంటి బావిలో మోటరు విప్పి, బక్క రామయ్య ముందు పెట్టి, "నీది వచ్చేదాంక ఇది నడుపుకో. జల్దీ పో, కరెంటు వచ్చే యాళ్లయింది" అని ఆటో ఎక్కించాడు. బక్క రామయ్య వెళ్లాక ఉస్తాద్ భార్య బయటికొచ్చింది. మేమంతా ఆమెను అమ్మీ అనేవాళ్లం. చేతిలో బిందె ఉంది. "మా ఇంట్ల నీళ్లు ఇగ కంప్యూటర్ల కెళ్లి వస్తయా బేటా?" అని ఆ బిందె నా చేతికిచ్చింది.

మీసాల రామయ్య మోటరు చుట్టేదాకా ఉస్తాద్ ఇంటికి నీళ్లు నేనే తోడి మోశాను. టక్ అప్పుడే మొదటిసారి ఊడింది. చర్చికి వెళ్లేవాళ్లు ఆ దారినే పోతూ, "సిస్టమ్స్ అంటే గివేనా?" అని పలకరించారు. నాన్న ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యానికి లేవలేదు. అదే ఎక్కువ బాధ. ఉద్యోగం ఎలాగూ పోయింది, ఎప్పుడు పొమ్మంటారా అని ప్రతి బిందెకూ ఎదురుచూశాను. బక్క రామయ్య పూత కొంత రాలిందని, కొంత నిలిచిందని కబురొచ్చింది. నిలిచిన పూత గురించి అందరూ సంతోషపడ్డారు. నాకు రాలిందే కళ్లముందు ఆడింది.

మోటర్లు ఎవరివి వారికి చేరిన రోజు, పొమ్మంటే పోదామని సర్టిఫికెట్ సంచి పట్టుకుని దుకాణంలోకి వెళ్లాను. బల్ల ఖాళీగా ఉంది. కంప్యూటర్ కింద, కాలిన మోటర్ల వరసలో చివరన కూర్చుని ఉంది. దాని మెడకు అమ్మీ పాత ఆకుపచ్చ దుపట్టా పీలిక కట్టి ఉంది. ఉస్తాద్ తల ఎత్తకుండా తీగ చుట్టుకుంటూ, "దానికి భీ వైండింగ్ కావాలె. లైన్ల పెట్టిన. దాని ముంగట ఉన్నయి అయిపోనియ్, ఈ తీగ పట్టుకో" అన్నాడు. సంచి కింద పెట్టి తీగ పట్టుకున్నాను. కంప్యూటర్ వంతు వచ్చాక దాన్ని మళ్లీ బల్ల ఎక్కించి, పేరు పక్కన రెండు గడులు పెట్టాను. ఒకటి ఊరు, ఇంకొకటి గుడ్డ.

ఇప్పుడు నగరంలో ఒక పెద్ద ఆఫీసులో, కొత్తగా చేరినవాళ్లకు ఆ త్రికోణాన్ని నేనే గీసి చూపిస్తాను. అట్టడుగు అంతస్తు గీసేటప్పుడు చెయ్యి కాసేపు ఆగుతుంది. అక్కడ మెట్టు మీద తలపాగా ఒళ్లో పెట్టుకుని బక్క రామయ్య కూర్చుని ఉంటాడు. ఆయన ఎదురుగా టక్ చేసుకున్న కుర్రాడొకడు తెర చూసి సమాధానం చెబుతుంటాడు. వాడి భుజం తట్టి, ముందు ఆ పెద్దాయనకు తాగడానికి ఇన్ని నీళ్లివ్వరా అని చెప్పాలనిపిస్తుంది. ఇవ్వడు. నీళ్లు మోయడం వాడికి ఇంకా రాదు.