సార్ ఎడమచేతి మచ్చ

"వకీల్ సాబ్, మీ సార్ లేడు."

పోయిన వారం పొద్దున్నే ఫోన్లో సార్ భార్య, నేను వదినా అని పిలిచే ఆమె, అన్న మాట ఇంతే. మహబూబాబాద్ కోర్టుకు బయలుదేరుతూ నల్లకోటు చేతిలో పట్టుకుని ఉన్నాను. దాన్ని మళ్లీ కొక్కేనికి తగిలించి, మరిపెడలో మా వీధి చివర ఉన్న వాళ్లింటికి నడిచాను. తెల్లవారుజామున గుండె ఆగిందట. వరండాలో చాప మీద పడుకోబెట్టారు. ఎడమచేయి దుప్పటి బయటికి ఉంది. మణికట్టు నుంచి మోచేతి దాకా పాకిన ఆ కాలిన మచ్చను చూశాక ఇక నావల్ల కాలేదు, గోడకు తిరిగి ఏడ్చాను.

ఆయన అడవి దిక్కు ఒక మండలానికి తహసీల్దారుగా చేశారు. ఎమ్మార్వో అన్న పేరు పోయి ఏళ్లయినా మాకందరికీ ఎమ్మార్వో సారే. మా అమ్మీ రంజాన్‌కు షీర్‌ఖుర్మా పంపితే ఆ గిన్నెను ఖాళీగా తిప్పి పంపేవారు కాదు, నాలుగు నిమ్మకాయలన్నా వేసి పంపేవారు. మాట మాత్రం పెళుసు. ఎవరైనా "బాగున్నరా సార్?" అంటే "బాగలేకుంటే నువ్వేం జేస్తవ్?" అనేవారు. నొచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. పని పడితే మళ్లీ ఆయన గడపే తొక్కేవారు.

తెలంగాణ కోసం చేసిన సకల జనుల సమ్మెలో ఆఫీసులకు, బడులకు తాళాలు పడ్డాయి. బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. మేం వకీళ్లం కోర్టులు బహిష్కరించాం. సార్ ఆఫీసు మూతపడింది కాబట్టి ఇంటి దగ్గరే, మరిపెడ దీక్షా టెంటు కింద మాతోపాటు కూర్చునేవారు. ఒకనాడు వంటావార్పు పెట్టాం. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తినడం. అన్నం ఉడికింది, పప్పుచారు మరుగుతోంది, సరిగ్గా అప్పుడే వాన దంచికొట్టింది. అందరం టెంటు కిందికి ఉరికాం. సార్ ఒక్కరే పప్పుచారు గుండిగ దగ్గర నిలబడ్డారు.

"ఇడిసిపెట్టండి సార్, వాన గలిస్తే ఇంకో పది మందికొస్తది" అని నేను నవ్వాను.

"ముచ్చట తర్వాత గనీ, వచ్చి గుండిగ చెవి పట్టు వకీలూ!"

నేను పోయేలోపే ఆయన గుండిగను ఒంటిగా ఎత్తబోయారు. అది ఒరిగి మరిగే చారు ఎడమచేతి మీద పడింది. దవాఖానకు పోదామంటే వినలేదు. తడి తువ్వాల చుట్టుకుని, కుడిచేత్తో గరిటె పట్టుకుని, చివరి మనిషి తినేదాకా వడ్డించారు. వడ్డనలో ఆయనదొక పద్ధతి. ఎవరినీ కావాలా అని అడగరు. "పెట్టేటప్పుడు అడుగొద్దు, మొఖం జూసి పెట్టాలె" అనేవారు.

కొన్ని రోజులకు ఒక లంబాడా అవ్వ నన్ను వెతుక్కుంటూ టెంటుకు వచ్చింది. గంగారం అవతలి తండా వాళ్లది. బస్సులు లేవు, కొంత దూరం లారీల మీద, కొంత దూరం నడిచి వచ్చింది. కొడుకు ట్రాలీ ఆటో నడుపుతాడు. ఎవరో మక్కజొన్న బస్తాలు వేయమని కిరాయికి పిలిచారు. దారిలో పోలీసులు ఆపి, మక్కల కింద నుంచి గంజాయి సంచులు తీశారు. కిరాయికి పిలిచినవాడు ఎవడో, ఎటు పోయాడో తెలియదు. దొరికింది ఆటో నడిపేవాడు.

ఈ మత్తుమందుల చట్టం సంగతి తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. గంజాయి ఇరవై కిలోలు దాటిందా, పదేళ్లకు తక్కువ శిక్ష వేసే అధికారం జడ్జికి కూడా లేదు. ఇరవై ఏళ్ల దాకా వేయవచ్చు. ఆటోలో దొరికింది ఆ ఇరవై కిలోలు దాటింది. నేరం చేయలేదని జడ్జికి ముందే నమ్మకం కలిగితే తప్ప బెయిలు రాదు. సంచుల్లో ఏముందో నాకు తెలియదంటే చాలదు, తెలియదని నిందితుడే రుజువు చేసుకోవాలి. చేతిలో స్టీరింగు తప్ప ఇంకేమీ లేనివాడు దేంతో రుజువు చేస్తాడు?

కోర్టులకు మేం పోవడం లేదని చెప్పాను. అవ్వ టెంటు గుంజకు ఆనుకుని కూలబడింది. సార్ పళ్లెంలో అన్నం తెచ్చి ముందు పెట్టారు.

"ఆకలైతలేదు సారూ."

"ఆకలి సంగతి నేనడిగిన్నా? తిను. నువ్వు తినేదాక నేనీడికెంచి జరుగ."

కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నారు. అవ్వ మెల్లగా ఒక్కో ముద్ద తిన్నది. పళ్లెం ఖాళీ అయ్యాకే లేచారు.

సమ్మె ముగిసింది. వకాలత్ నేనే వేశాను. ఛార్జిషీటు చేతికొచ్చాక పంచనామా చదివి అలాగే కూర్చుండిపోయాను. మనిషిని సోదా చేయడం, సంచులు తూకం వేయడం, నమూనాలు తీసి సీలు వేయడం, అన్నీ మధ్యాహ్నం వేళ అడవి రోడ్డు మీద తహసీల్దారు సమక్షంలో జరిగాయని ఉంది. కింద ఆకుపచ్చ సిరాతో సార్ సంతకం. తేదీ వంటావార్పు నాటిది. ఆ మధ్యాహ్నం ఆయన మరిపెడ నడిరోడ్డు మీద నాకు అన్నం వడ్డించారు.

ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. పెద్ద కేసుల్లో గెజిటెడ్ అధికారి ముందు సోదా జరిగినట్టు కాగితం ఉండాలి. పోలీసులు ఎప్పుడూ రాసినట్టే రాశారు. ఆ రోజు తెలంగాణలో ఏ ఆఫీసూ తెరుచుకోలేదన్న సంగతి రాసినవాళ్లకు తట్టలేదు. సమ్మె అయ్యాక పేరుకుపోయిన కాగితాల కట్టలో అదీ సార్ బల్ల మీదికి వచ్చింది. ఎప్పుడూ పెట్టినట్టే సంతకం పెట్టారు.

ఆయన అక్కడ లేరని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? తాను వాదించే కేసులో వకీలు బోనెక్కి సాక్ష్యం చెప్పలేడు, టెంటు కింద కూర్చున్నవాళ్లు చెప్పినా ఆ సంతకం ముందు నిలవదు. చెప్పాల్సింది ఆయనే. చెబితే దొంగ సంతకం ఒప్పుకున్నట్టే, కొలువు పోతుంది. చెప్పకపోతే ఆ పిల్లవాడికి పదేళ్లు.

రెండేళ్లకు కేసు వరంగల్ కోర్టులో విచారణకు వచ్చింది. బెయిలు దొరకలేదు. వాడు వరంగల్ జైల్లో ఉండగానే తండాలో బిడ్డ పుట్టింది. సాక్ష్యం రోజు పొద్దున మరిపెడలో నేనెక్కిన బస్సులోనే సార్ కూడా ఎక్కారు. వచ్చి నా పక్కనే కూర్చున్నారు. ప్రభుత్వం తరఫు సాక్షితో నేను కేసు గురించి మాట్లాడకూడదు. తొర్రూరు దాటేదాకా పత్తి ధర గురించి, మా అమ్మీ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. వర్ధన్నపేట దగ్గర ఆయన కిటికీ వైపు తిరిగి, "వకీల్ సాబ్, నువ్వు అడిగేది జర గట్టిగనే అడుగు. నాకు మొండి నోరుంది గనీ, ధైర్యం తక్వ" అన్నారు.

కోర్టు వరండాలో అవ్వ ఆయన్ను చూడగానే గుర్తుపట్టింది. మొహం వెలిగిపోయింది. "నాకు అన్నం వెట్టిన సారే గద? మనోడే, మనోడే" అని నా కోటు చేయి పట్టి లాగింది. ఆయన మా తరఫున వచ్చారనుకుంది. సార్ విన్నారు. తల వంచుకుని లోపలికి పోయారు.

బోనులో నిలబడి ప్రభుత్వ వకీలు అడిగినవాటికి "అవును" అంటూ పోయారు. సంతకం మీదేనా? అవును. నా వంతు వచ్చింది.

"సార్, మీ ఎడమచేతి మీద ఆ మచ్చ ఎప్పటిది?"

ఇంట్లో కాలిందనొచ్చు. గుర్తు లేదనొచ్చు. ఆయన చొక్కా చేయి పైకి మడిచి, మచ్చను తానే కొత్తగా చూస్తున్నట్టు చూసుకున్నారు.

"వంటావార్పు నాడు పప్పుచారు వడ్డది. మరిపెడల."

"వంటావార్పు ఏ రోజు?"

ఆయన నన్ను చూడలేదు. తలుపు దగ్గర నిలబడ్డ అవ్వను చూశారు.

"పంచనామల రాసిన రోజే. నేనాడ లేను. సంచులు జూడలే, తూకం జూడలే, ఆ పిలగాన్ని జూడలే. సమ్మె అయినంక కాయితం వస్తే సదవకుంట సంతకం వెట్టిన. సంతకం వెట్టుడు అలవాటైతే సదువుడు మర్సిపోతం సార్. తప్పు నాది."

ఆ ఒక్క మాటతో కేసు కూలిపోయింది. పిల్లవాడు విడుదలయ్యాడు. తండాలో కూతురు వాడిని చూసి అవ్వ పేటియా లంగా వెనక దాక్కుందట. పోయిన కాలాన్ని ఏ తీర్పూ తిరిగివ్వదు.

సార్‌ను సస్పెండ్ చేశారు. విచారణ సాగుతుండగానే రిటైరయ్యారు. రాష్ట్రం వచ్చిన రోజు టెంటు కింద కూర్చున్నవాళ్లందరినీ వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పారు. ఆయన పేరు ఎవరూ పిలవలేదు. ఎక్కడున్నారా అని వెతికితే వెనక భోజనాల దగ్గర గరిటె పట్టుకుని ఉన్నారు. నాకు కోపం ఆగలేదు, వేదిక మీదికి పోయి అడుగుతానన్నాను. "తెలంగాణ వచ్చింది గద, ఇంకేం గావాలె? పళ్లెం పట్టు" అన్నారు. ఆ రోజు నాకు కప్పిన శాలువా ఇప్పటికీ నా ఇంట్లో మడత విప్పకుండా ఉంది. కప్పుకోవడానికి నాకు మనసొప్పలేదు.

సార్ పోయిన మూడో రోజు పిట్టకు పెట్టడానికి ఊరి బయటికి పోయాం. విస్తరిలో ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టారు. పప్పుచారు వదిన స్వయంగా పోసింది. అప్పటికి అవ్వ వచ్చింది, కొడుకు భుజం పట్టుకుని. ఎవరు చెప్పారో తెలియదు. కొంగులోంచి జొన్నరొట్టె తీసి విస్తరి అంచున పెట్టింది.

పిట్ట వచ్చి తింటే పోయిన మనిషి తిన్నట్టే, అది రావాలంటే మనుషులు దూరం జరగాలి. అందరం జరిగాం. అవ్వ మాత్రం విస్తరి ఎదురుగా నేల మీద కూర్చుంది. "జరుగు అవ్వా, పిట్ట రాదు" అని ఎవరో అన్నారు.

"నేను తినేదాక ఆయన జరిగిండా?" అన్నది అవ్వ. "తిను సారూ. నువ్వు తినేదాక నేనీడికెంచి జరుగ."

ఎండ ఎక్కుతోంది. ఎవరమూ ఆమెను మళ్లీ లేవమనలేదు.